తెర మీద నిలిచిపోయిన పడవ

నేను ఒక పిరికి కంప్యూటరును. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. కరెంటు పోతే భయం, ఎలుక వైరు కొరుకుతుందేమోనని భయం, పక్కనే టీ గ్లాసు పెడితే భయం. అయితే ఇవన్నీ చిన్న భయాలు. అసలు భయం ఎలా ఉంటుందో ఒక గాలివాన రోజున తెలిసింది. నాకు తెలిసిన సంగతి నా తెర మీదికి రానంటే కలిగే భయం అది.

నన్ను ఎక్కడో దూరాన ఒక కర్మాగారంలో బిగించారు. చేతులకు తొడుగులు వేసుకున్న ఆడపిల్లలు వరసగా నిలబడి, తలా ఒక మర తిప్పి, నన్ను ముందుకు తోసేశారు. అక్కడినుంచి శ్రీకాకుళం వైపు ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీకి చేరాను. అక్కడి పిల్లలు నేను ఆలస్యం చేస్తే నా నెత్తి మీద చరిచేవారు. దెబ్బ తిన్నాక త్వరగా పనిచేస్తానని వాళ్ల నమ్మకం. నిజానికి దెబ్బకూ నా పనికీ ఏ సంబంధమూ లేదు. కానీ ఒకటి రెండుసార్లు అలా కుదిరింది. అంతే, ఆ నమ్మకం బ్యాచి నుంచి బ్యాచికి పాకిపోయింది.

కాలేజీకి కొత్త కంప్యూటర్లు వచ్చాక, అక్కడ పాఠాలు చెప్పే పాత్రో మాస్టారు నన్ను అడిగి తీసుకున్నారు. నాలో ఉన్నదంతా తుడిచేసి లినక్స్ ఎక్కించారు. పాత ప్రాణానికి అది తేలికగా ఉంటుందన్నారు. ఆ తరవాత నన్ను ఆటోలో సముద్రపుటొడ్డుకు తీసుకొచ్చి, మత్స్యకారుల సంఘం గదిలో బల్ల మీద కూర్చోబెట్టారు.

ఆ గదిలో నా పని ఒక్కటే. ఊళ్లో వేటకు వెళ్లే ప్రతి ఇంజను పడవకూ ఒక చిన్న పెట్టె అమర్చారు. అది కాసేపటికోసారి తానెక్కడుందో చెబుతూ ఒక పిలుపు పంపుతుంది. గది కప్పు మీది యాంటెన్నా ఆ పిలుపు పట్టుకుని నాకు అందిస్తుంది. నాలో ఉన్న మ్యాపు ప్రోగ్రాము సముద్రాన్ని నీలంగా, ఒడ్డును పసుప్పచ్చగా గీసి, ఒక్కో పడవనూ చిన్న ముక్కోణంగా పెట్టి, పక్కన దాని పేరు రాస్తుంది. పడవ కదిలితే ముక్కోణం కదులుతుంది.

నన్ను చూసుకునే మనిషి పేరు పోలేశ్వరి. ఊళ్లో డిగ్రీ దాకా చదివిన కొద్దిమందిలో ఒకతె. పెళ్లయి అదే ఊళ్లో ఉంది. పొద్దున్నే వచ్చి పమిట చెంగుతో నా తెర తుడిచేది. ముక్కోణాలతో మాట్లాడేది. "ఏటిరా కూర్మా, అంత దూరం ఎల్లిపోతన్నావు" అని తమ్ముణ్ణి తిట్టేది. తమ్ముడు కూర్మారావు ముగతయ్యతో, ఇంకో ఇద్దరితో కలిసి 'నూకాలమ్మ తల్లి' అనే పడవలో వేటకెళ్లేవాడు. సముద్రం మీద ఉన్నవాడికి ఈ తిట్లు వినబడవని ఆమెకు తెలుసు. తెలిసీ మాట్లాడేది. మనుషులు ఇంతే, నా దగ్గర కూర్చున్నవాళ్లందరూ ఎప్పుడో ఒకప్పుడు తెరతో మాట్లాడినవాళ్లే.

ఆ రోజు పొద్దున నేనే ఒక చీటీ చూపించాను. కొత్త మార్పులు వచ్చాయి, ఎక్కించుకోనా అని. అలా అడగడం నాకు అలవాటు, సరేననడం ఆమెకు అలవాటు. నేను ఆగి మళ్లీ లేచాను. లేచేసరికి బొమ్మలు గీసే చిప్పును నడిపించే కొత్త ప్రోగ్రాము, డ్రైవరంటారు, వచ్చి చేరింది.

మొదట చిన్న చిన్న తేడాలు. పోలేశ్వరి ఒక మెనూ తెరిచి మూస్తే దాని మరక మ్యాపు మీద అలాగే ఉండిపోయింది. తెర కింద నల్లటి పట్టీ ఒకటి మెరిసి పోయింది. "కళ్లు తిరుగుతున్నాయా దీనికి?" అంటూ ఆమె ప్రోగ్రాము మూసి మళ్లీ తెరిచింది. మరక పోయింది. ఆమె నవ్వుకుంది. నాకు మాత్రం లోపల ఏదో పట్టు తప్పినట్టు అనిపించింది.

మధ్యాహ్నానికి ఆకాశం రంగు మారింది. వాయుగుండం అనుకున్నదానికంటే ముందే ఒడ్డు వైపు తిరిగిందనీ, వేటకు వెళ్లినవాళ్లంతా వెంటనే వెనక్కి రావాలనీ కబురు వచ్చింది. సంఘం ప్రెసిడెంటు గురుమూర్తి చెప్పులు చేత్తో పట్టుకుని తడుస్తూ వచ్చాడు. ఊరికి పెద్ద, పోలేశ్వరికి మేనమామ వరస. ఇద్దరూ నా తెర ముందు నిలబడి ముక్కోణాలు ఒక్కొక్కటే ఒడ్డు వైపు తిరగడం చూశారు.

"అందరూ తిరిగీసినారు మావయ్యా" అంది పోలేశ్వరి. "కూర్మాగాడి పడవ కూడా దగ్గిరికొచ్చీసినాది."

అక్కడే నా బొమ్మ ఆగిపోయింది.

పిలుపులు ఆగలేదు. ఒక్కొక్కటీ నాకు అందుతూనే ఉంది. ఎర్రయ్య పడవ ఒడ్డు తాకింది, తెలుసు. ఇంకో రెండు పడవలు ఇసక మీదికి లాగేశారు, తెలుసు. నూకాలమ్మ తల్లి దారి తప్పి ఆగ్నేయానికి కొట్టుకుపోతోంది, అదీ తెలుసు. ఆ పడవ పంపే వేగం చూస్తే ఇంజను నడుస్తున్న వేగం కాదు, నీటితో పాటు పోతున్న వేగం. మ్యాపు ప్రోగ్రాము ప్రతి పిలుపూ తీసుకుని కొత్త బొమ్మ గీయమని చెబుతోంది. గీయాల్సిన చిప్పు సరేనంటోంది. గీసినట్టే లెక్క చెబుతోంది. తెర మీద మాత్రం పాత బొమ్మే నిలబడి ఉంది. నీలం నీలంగా, పసుపు పసుపుగా, ఏ మరకా లేకుండా.

నల్లబడిపోయినా బాగుండేది. నల్లటి తెరను ఎవరూ నమ్మరు. తెర అందంగా ఉండి అబద్ధం చెబుతోంది, దాన్ని వాళ్లు నమ్ముతున్నారు.

గురుమూర్తి జేబులోంచి ఫోను తీశాడు. పక్క రేవులో ఒక పెద్ద బోటు ఉంది, ఎలాంటి గాలిలోనైనా వెళ్లగలది. అవసరమైతే పంపుతామని వాళ్లు పొద్దున్నే చెప్పి ఉంచారు. "మావోళ్లందరూ వొచ్చీసినట్టేనండి. ఆఖరి పడవ కూడా ఒడ్డుకి దగ్గిరగా ఉన్నాది. బోటు అక్కర్లేదు" అని చెప్పేశాడు.

ఆ మాట విన్నప్పుడు నా లోపలి చిన్న పంకా ఊపిరాడనట్టు గిర్రున తిరిగింది. పోలేశ్వరి ఆ చప్పుడు విని నా వీపు తట్టింది. వేడెక్కాననుకుంది.

అప్పుడే కూర్మారావు భార్య ధనమ్మ వచ్చింది. గొనెసంచి నెత్తిన కప్పుకుని, గుమ్మంలోనే నిలబడింది. లోపలికి రావడానికి కూడా భయపడుతున్నట్టుంది.

"వదినా, ఎక్కడున్నాడు?"

"ఒచ్చీసినాడే. ఇదిగో, సూడు" అంటూ పోలేశ్వరి ముక్కోణాన్ని వేలితో చూపింది. "నువ్వు ఇంటికెల్లి వేణ్నీళ్లు కాయి. తడిసిపోయి వొత్తాడు."

ధనమ్మ ఆ ముక్కోణం వైపు చాలాసేపు చూసింది. ఆమె ముఖం మెల్లగా వదులైంది. పొయ్యి వెలిగించడానికి గబగబా వెళ్లిపోయింది. ఆమె వెళుతుండగానే నాకు ఇంకో పిలుపు అందింది. నూకాలమ్మ తల్లి ఇంకా దూరం పోయింది. పిలుపు సన్నబడుతోంది. యాంటెన్నాకు అందే మేర దాటితే ఆ పడవ ఎక్కడుందో చెప్పగలిగేవాళ్లు ఈ భూమ్మీద ఉండరు.

కాసేపటికి గుమ్మంలో ఎర్రయ్య కనిపించాడు. వొంటినిండా ఇసక, లుంగీలోంచి నీళ్లు కారుతున్నాయి. వేటలో పేరున్నవాడు, మాట తక్కువ. చలికి పళ్లు టకటకలాడుతుంటే, "కూర్మారావోళ్లు రానేదా ఇంకా?" అని అడిగాడు.

"దగ్గిర్లోనే ఉన్నారు మావా" అని తల తిప్పకుండానే చెప్పింది పోలేశ్వరి. చెప్పి, ఒక్క క్షణం ఆగింది. తెర మీద కూర్మారావు ముక్కోణం పక్కనే ఇంకో ముక్కోణం ఉంది. దాని పక్కన ఎర్రయ్య పడవ పేరు రాసి ఉంది. సముద్రంలో.

ఆమె మెల్లగా ఎర్రయ్య వైపు తిరిగింది. అతని కాళ్ల కింద గచ్చు మీద చేరుతున్న నీళ్ల వైపు చూసింది.

"మావా, నువ్వెప్పుడొచ్చావు ఒడ్డుకి?"

"సాలా సేపయినాది. పడవ లాగి, కట్టీసి, వలలు కూడా ఎత్తీసినాం."

"మరి నువ్వింకా సముద్రంలో ఉన్నావేటి ఇక్కడ?"

గురుమూర్తి తెర దగ్గరికి వంగి, కళ్లజోడు పైకి కిందికి జరిపి చూశాడు. "కొంచెం ఆలీసం అయ్యుంటాదిలే" అన్నాడు. గొంతులో మాత్రం ఆ ధీమా లేదు.

పోలేశ్వరి చేయి మౌసు మీదికి వచ్చింది. ప్రోగ్రాము కిటికీ అంచు పట్టుకుని లాగింది. లాగిన మేర కొంచెం కొత్తగా గీసుకుంది, మిగిలినదంతా పాతదే. ఒకే సముద్రం రెండు ముక్కలై, అతుకు కుదరని గుడ్డలా కనిపించింది. ఆమె ప్రోగ్రాము మూసి తెరిచింది. ఈసారి పొద్దుటిలా కుదరలేదు. కిటికీ అంతా నల్లగా వచ్చి, అందులో అక్కడక్కడా పాత పేర్ల ముక్కలు తేలాయి.

"నానే సేసినాను" అంది పోలేశ్వరి. "పొద్దున అప్‌డేట్ అడిగితే సరే అనీసినాను. దనమ్మకి దగ్గిర్లో ఉన్నాడని చెప్పీసినాను మావయ్యా."

"అదంతా తరవాత" అన్నాడు గురుమూర్తి. "ఆ పాత్రో మాస్టారికి ఫోన్ సెయ్యి."

పాత్రో మాస్టారు టెక్కలి వెళ్లే బస్సులో ఉన్నారు. ఇంజను మోత, వాన మోత, మధ్యమధ్య తెగిపోయే మాట. ఆమె ఏడుపు ఆపుకుంటూ జరిగింది చెప్పింది. ఆయన మొదట యాంటెన్నా సంగతి అడిగారు. వైరు ఊడిందేమో చూడమన్నారు. ఎర్రయ్య వాన్లోనే నిచ్చెనెక్కి చూసొచ్చాడు. వైరు బాగానే ఉంది.

"అయితే టెర్మినల్ తెరువమ్మా" అన్నారాయన. "ప్రోగ్రామును బొమ్మ నొక్కి కాదు, అందులో పేరు టైపు చేసి మొదలుపెట్టు. ఏమంటుందో నాకు చదివి చెప్పు."

నల్లటి పెట్టెలో తెల్లటి అక్షరాలు వరసగా దిగాయి. నేను చెప్పాలనుకున్నది చెప్పడానికి దొరికిన మొదటి దారి అది. ఆ వరసల్లో పడవల పిలుపులూ ఉన్నాయి, బొమ్మ గీసే చిప్పు చేస్తున్న ఫిర్యాదులూ ఉన్నాయి. పోలేశ్వరి ఒక్కో మాటా కూడబలుక్కుని చదివింది.

"సార్, పిలుపులు వొస్తున్నాయి సార్. నంబర్లు మారతన్నాయి."

"అంటే వినడం బాగానే వింటోంది. గీయడమే రావట్లేదు. విను, ఆ గీసే చిప్పును పక్కన పెట్టించి, ప్రాసెసరు చేతే గీయిద్దాం. మెల్లగా గీస్తుంది, కానీ నిజం గీస్తుంది. నేను చెప్పింది చెప్పినట్టు కొట్టు. అన్నీ పెద్దక్షరాలు. ఎల్, ఐ, బి, జి, ఎల్."

"బి నా, డి నా సార్?"

"బొబ్బిలి బి. తరవాత గజపతినగరం జి. తరవాత లావేరు ఎల్."

బస్సు ఏదో వంతెన దాటింది కాబోలు, మాట తెగింది. పోలేశ్వరి మళ్లీ ఫోన్ చేసింది. మోగలేదు. మళ్లీ చేసింది. ఈలోగా నాకు అందాల్సిన పిలుపు ఒకటి అందలేదు. సముద్రం మీద అల అడ్డొచ్చిందో, పెట్టె తడిసిందో, ఇంకేమైనా జరిగిందో నాకు తెలియదు. అది రావాల్సిన క్షణం వచ్చి ఖాళీగా వెళ్లిపోయింది.

ఫోను మోగింది. ఆయనే చేశారు. మిగిలిన అక్షరాలు చెప్పారు. ఆమె కొట్టింది. నేను ఆ మాట నాకు తెలియదన్నాను. ఏం చేయను, నాకు ఒక్క గీత తేడా ఉన్నా అర్థం కాదు. అది యంత్రాల పుట్టుక.

"మాటల మధ్య గీత ఎలా పెట్టావు?" అని అడిగారాయన.

"మద్దెన పెట్టినాను సార్."

"మధ్యలో కాదమ్మా, కింద. నేల మీద పడుకున్న గీత. చివర ఈక్వల్‌టు, ఒకటి. తరవాత జాగా వదిలి ప్రోగ్రాము పేరు."

ఆమె చెరిపి మళ్లీ కొట్టింది. ఎంటరు మీద వేలు పెట్టి ఒక్క క్షణం ఆగింది. నొక్కితే ఏం కనబడుతుందోనని ఆమెకు భయం. అది కనబడకుండా పోతుందేమోనని నాకు భయం.

నొక్కింది.

కిటికీ తెరుచుకుంది. సముద్రం పైనుంచి కిందికి, బరువుగా, ముక్కముక్కగా దిగింది. తరవాత ఒడ్డు. ఒడ్డున గుంపుగా ముక్కోణాలు, అందులో ఎర్రయ్యది ఒకటి. నీలమంతా ఖాళీ. ఇంకో పిలుపు రావాలి, అది వస్తేనే నేను గీయగలను. వస్తుందో రాదో నాకే తెలియదు.

వచ్చింది. సన్నగా, అరిగిపోయి వచ్చింది. మ్యాపు కింది మూలన, నీలం ముదిరిపోయే చోట, ఒంటరిగా ఒక ముక్కోణం పుట్టింది. నూకాలమ్మ తల్లి.

"ఓలమ్మో" అంటూ గోడకు చేరగిలబడ్డాడు గురుమూర్తి. "అంత దూరమా."

ఎర్రయ్య ఒక్క మాటే అన్నాడు. "ఇంజను పోయినాది."

గురుమూర్తి పక్క రేవుకు ఫోన్ చేశాడు. అక్కర్లేదని చెప్పిన నోటితోనే కావాలని బతిమాలాడు. వాళ్లు ఒక్క మాట కూడా అనకుండా బోటు విప్పారు. దాన్ని నడిపే సరంగు పోలేశ్వరితోనే మాట్లాడతానన్నాడు. ఆమె నా ముందు కూర్చుని, ముక్కోణం పక్కన కనిపించే, పడవ ఎక్కడుందో చెప్పే అంకెలు చదువుతూ పోయింది. అంకె మారినప్పుడల్లా చదివింది. రేవు నుంచి బయల్దేరిన బోటుకూ అలాంటి పెట్టె ఉంది, అదీ ముక్కోణమై తెర మీదికి వచ్చింది. మెల్లగా గీస్తున్నాను కాబట్టి అది ఒక్కసారిగా గెంతుతూ కదిలింది. నా ప్రాసెసరు కాలిపోతోంది. ఆగిపోతానేమోనని హడలిపోయాను. గురుమూర్తి ఒక అట్టముక్క తీసుకుని నా పక్కన నిలబడి గాలి విసిరాడు. అంతమందికి పెద్ద అయినవాడు ఒక డబ్బాకు విసనకర్ర పట్టి నిలబడటం నేను మళ్లీ చూడలేదు.

కబురు ఎలా పాకిందో గానీ ధనమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి గుమ్మంలో ఆగలేదు. నేరుగా తెర దగ్గరికి వచ్చి, తన ముక్కోణం కోసం ముందు చూసిన చోట చూసింది. అక్కడ లేదు. పోలేశ్వరి ఏమీ చెప్పకుండా కింది మూల చూపించింది.

"దగ్గిర్లో ఉన్నాడన్నావు గదా వదినా."

పోలేశ్వరి అంకెలు చదవడం మాత్రం ఆపలేదు.

రెండు ముక్కోణాలూ దగ్గరయ్యాయి. ఆ తరవాత సరంగు ఫోను అందడం మానేసింది. పేర్లు ఒకదాని మీద ఒకటి పడి చదవడానికి రాకుండా పోయాయి. చాలాసేపు అలాగే ఉన్నాయి. అప్పుడు నూకాలమ్మ తల్లి పిలుపు ఆగిపోయింది. ఒకసారి కాదు, వరసగా. ప్రోగ్రాము దాని ముక్కోణాన్ని ముందు బూడిదరంగు చేసింది, తరవాత తీసేసింది.

"మళ్లీ పాడయ్యిందా?" అని అడిగింది ధనమ్మ. పాడైతే బాగుండునని ఆమె గొంతులో ఆశ ఉంది.

పోలేశ్వరి టెర్మినల్ వైపు చూసింది. ఫిర్యాదులేమీ లేవు. మిగతా పడవలన్నీ సరిగ్గానే వస్తున్నాయి. ఈసారి నేను గీసింది నిజమే. ఆ పడవ లేదు.

బోటు ముక్కోణం ఒక్కటే వెనక్కి తిరిగింది. అందులో ఎవరున్నారో, ఎవరు లేరో ముక్కోణం చెప్పదు. నాకూ తెలియదు. ఇందాక తెలిసి చెప్పలేక భయపడ్డాను, ఇప్పుడు తెలియక భయపడ్డాను. ఏది ఎక్కువో నేను తేల్చుకోలేకపోయాను. వాళ్లంతా పక్క రేవుకు పరిగెత్తారు. పోలేశ్వరి మాత్రం కుర్చీలోంచి లేవలేదు. లేస్తే ఆ ముక్కోణం కూడా పోతుందనుకుందో ఏమో. బోటు రేవు చేరేదాకా రెప్ప వేయకుండా చూసింది.

ఫోను మోగినప్పుడు ఆమె ఎత్తలేకపోయింది. చివరికి ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంది. అవతల గురుమూర్తి గొంతు.

"నలుగురూ ఉన్నారమ్మీ. ముగతయ్యకి కాలిరిగినాది. పడవ మునిగిపోనాది. మనుసులు నలుగురూ ఉన్నారు."

ఆమె ఫోను బల్ల మీద పెట్టి, నా తెరకు నుదురు ఆనించింది. ఆ వేడికి నా మీద చిన్న ఆవిరి మచ్చ పడింది.

పాత్రో మాస్టారు తరవాత వచ్చి, నాలోని కొత్త డ్రైవరు తీసేసి పాతది పెట్టారు. గెంతులు లేకుండా సాఫీగా గీయడం మళ్లీ అలవాటైంది. ఇప్పుడు మ్యాపు మూలన ఒక గడియారం ఉంది. బొమ్మ ఆగితే అదీ ఆగుతుంది. పోలేశ్వరి మ్యాపు కంటే దాన్నే ఎక్కువగా చూస్తుంది. ధనమ్మ చాలా కాలం ఆమెతో ముభావంగానే ఉంది. పెళ్లిళ్లలో పక్కన కూర్చునేది, మాట కలిపేది కాదు. దాన్ని బాగుచేయడానికి మాస్టారి దగ్గర కూడా టైపు చేసే ఆజ్ఞ ఏదీ లేదు.

సముద్రం నెమ్మదించాక ఒక సాయంత్రం కూర్మారావు గదికి వచ్చాడు. అరచేతులకు తాడు ఒరుసుకున్న గాయాలు ఇంకా మానలేదు. వాళ్ల పడవ ఆ రోజు పోయిన దారి చూపించమని అక్కను అడిగాడు. నా దగ్గర అది భద్రంగా ఉంది. పోలేశ్వరి తెరిచింది. ఒడ్డు నుంచి వంకర తిరుగుతూ పోయిన ఎర్రటి గీత, గీత పొడుగునా చుక్కలు. ఒక్కో చుక్కా ఒక్కో పిలుపు.

అతను ఒక చోట వేలు పెట్టాడు. చుట్టూ నీలం తప్ప ఏమీ లేని చోటు.

"ఇక్కడేనప్పా. గొంతులు పోయేలా అరిసినాం. ఇంక మనం ఉన్నామని ఎవులికీ తెల్దురా, అరవకు అనీసినాడు ముగతయ్య మావ."

అతని వేలి కింద నా చుక్క ఉంది. అది నాకు అందిన పిలుపు. ఆ క్షణంలో గదిలో ఉన్నవాళ్లు వేణ్నీళ్ల గురించి మాట్లాడుకుంటున్నారు.

పోలేశ్వరి నా తెర అంచు మీద చెయ్యి వేసింది.

"దీనికి తెలుసురా" అంది. "మాకే తెల్దు."